నాలుగు చేతుల మిక్సరు

ఆ సోమవారం మధ్యాహ్నం స్కేటింగు రింకులో రెండో ఆట మొదలై పావుగంట కాలేదు, పాటలోంచి పాట కారడం మొదలుపెట్టింది.

కారడమంటే మరేం లేదు. రింకు పక్కన అద్దాల గదిలో ఒక బల్ల, బల్ల మీద రెండు రికార్డు ప్లేయర్లు, రెంటి మధ్యా ఒక మిక్సరు. ఎడం రికార్డుకో నిలువు మీట, కుడి రికార్డుకో నిలువు మీట, వాటి కింద అడ్డంగా జరిగే మీట ఒకటి. అడ్డమీట ఎడమకి తోస్తే ఎడం పాట, కుడికి తోస్తే కుడి పాట, మధ్యలో ఉంచితే రెండూను. పదకొండేళ్ళు వాడేసరికి ఆ అడ్డమీట అరిగిపోయింది. కుడికి అంటా తోసేసినా ఎడం పాట సన్నగా, మూసిన తలుపు కిందనుంచి నీళ్ళొచ్చినట్టు వస్తూనే ఉంది.

"వదినా, నీ పాటొచ్చి నా పాటలో పడుకుంటోంది," అంది మరదలు, రికార్డు మీంచి చెయ్యి తియ్యకుండానే.

"అంతా నీ చలవే. టకటకా కొట్టి కొట్టి దాని ప్రాణం తీశావు."

"నేను కొట్టానా? నువ్వు జోకొట్టి జోకొట్టి దాన్ని సోమరిపోతుని చేశావు."

వదిననీ మరదలినీ ఆ రింకులో పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మరదలు పొద్దస్తమానం వదినా వదినా అంటుంటే విని విని, గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన దగ్గర్నుంచి స్కేట్లు తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆవిడ వదినే అయిపోయింది. రెండో ఆవిడ ఎలాగూ మరదలే.

వదిన పని కలపడం. మరదలి పని గీకడం. రింకులో పాట ఆగకూడదు. కాళ్ళకింద చక్రాలున్నవాళ్ళు పాటని పట్టుకునే నడుస్తారు, అది ఉన్నట్టుండి తెగితే గోడ పట్టు తప్పినట్టు పడతారు. అందుకని ఒక పాట అయిపోతూండగానే రెండో పాట నడకని మొదటిదాని నడకతో సమానం చేసి, ఈ నిలువు మీట తగ్గిస్తూ ఆ నిలువు మీట పెంచుతూ, పాట మారిన సంగతి చెవికి తెలిసినా కాళ్ళకి తెలియకుండా మార్చాలి. వదిన రికార్డు వంక చూసేది కాదు. అద్దంలోంచి జనం మోకాళ్ళు చూసేది. మోకాళ్ళు ఒకేలా వంగుతున్నంత సేపూ అంతా సవ్యంగా ఉన్నట్టే.

మరదలిది వేరే సంగతి. తిరిగే రికార్డుని మూడు వేళ్ళతో పట్టి వెనక్కీ ముందుకీ లాగుతూ, రెండో చేత్తో అడ్డమీట కొడుతూ, పాటని ముక్కలుగా తరిగేది. ఊరికే సరదాకి కాదు. జనమంతా ఒక మూల గుమిగూడి ఇరుక్కున్నప్పుడు ఆవిడ మూడు పొట్టిగీతలూ ఒక పొడుగుగీతా గీకితే, రింకు మొత్తం వెనక్కి తిరిగి ఎదురు దిక్కున సాగాలి. మైకులో ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా రెండోసారికి నేర్చేసుకునేవారు.

ఆ రోజు ఆ మూడు గీతలూ కారిన పాటలో కలిసిపోయి ఎవరికీ వినపడలేదు. సగం మంది తిరిగారు, సగం మంది తిరగలేదు. మేనేజరు అద్దం మీద వేలితో కొట్టి వదినని రమ్మన్నాడు.

మేనేజరు చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు తనే కళ్ళజోడు తీసి తుడుచుకునే మనిషి. ఇప్పుడూ తుడుచుకున్నాడు.

"మిక్సరు మార్చాల్సిందే వదినగారూ. నేనూ విన్నాను. రెండు చానళ్ళది ఒకటి చూసి తెచ్చుకోండి. ఓ వారం వాడి చూసి ఏది కావాలో చెప్పండి."

"అలాగేనండి."

"కూర్చోండి. ఇంకో మాటుంది." మళ్ళీ కళ్ళజోడు తుడిచాడు. "వచ్చే నెల నుంచీ ఆ గదిలో ఒక్కరే ఉండాలంటున్నారు ఓనరుగారు. ఒక్క బల్ల దగ్గర ఇద్దరెందుకని."

వదిన అద్దాల గది వైపు చూసింది.

"ఎవరన్నది నేను చెప్పలేనమ్మా. ఇద్దర్లో ఒకర్ని పొమ్మన్న పాపం నేను మోయలేను. మీరు పెద్దవారు. కలపడానికి పనికొచ్చే మిక్సరు తెచ్చుకుంటే మీరుండండి. గీకడానికి పనికొచ్చేది తెస్తే ఆవిడుంటుంది. ఆవిడకి చెప్తారో మానతారో, అది మీ ఇంటి విషయం."

వదిన లేచి నిలబడింది. అప్పుడు ఆవిడకి మొట్టమొదట వచ్చిన ఆలోచన మరదలి గురించి కాదు. నిలువు మీటలు కనీసం జానెడు పొడుగుండాలి, అన్నది. అది వచ్చాక గానీ తను ఏమనుకుందో ఆవిడకే తెలియలేదు. తెలిశాక చెవులు వేడెక్కాయి.

ఇంటికెళ్ళాక అన్నం వడ్డిస్తూ, మిక్సరు పోయింది, కొత్తది కొనాలి అంది. నడుం పడిపోయి ఏడాదిగా మంచం దిగని ఆయన అటునుంచి, "మొన్ననేగా బ్లేడు మార్పించాం?" అన్నాడు.

"ఇంట్లోది కాదన్నయ్యా, రింకులోది," అని మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. "దాంట్లో పిండి రుబ్బరు."

"మీరిద్దరూ దేన్నయినా రుబ్బగలరు," అన్నాడాయన.

మరదలు ఇంకా నవ్వుతూనే ఉంది. వదిన గరిటె తిప్పుతూ కూర్చుంది. చెప్తే ఇప్పుడే చెప్పాలి అనుకుంది. నవ్వు ఆగాక చెబుదామనుకుంది. ఆగాక, రేపు కొట్లో చూశాక చెబుదామనుకుంది.

మంగళవారం రింకుకి సెలవు. సౌండు సామాను కొట్టు రెండు వీధుల అవతలే. కొట్టాయన చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరుంటుంది. ఎవరు ఏమడిగినా ముందు అంతకన్నా పెద్దది చూపించడం ఆయనకి అలవాటు.

"నాలుగు చానళ్ళది తీసుకోండమ్మా. రేపు అవసరం పడితే?"

"ఉన్నవి రెండు ప్లేయర్లు. నాలుగు పొయ్యిలు వెలిగించి వాటి మీద ఏం పెట్టుకోను?" అంది వదిన. "రెండు చాలు. సరైనవి చూపించండి."

ఆయన గాజు బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి వెడల్పాటిది. నిలువు మీటలు నిజంగానే జానెడున్నాయి. పైన లావు లావు నాబులు, గొంతు వేరుగా, డప్పు వేరుగా తగ్గించుకునేవి. వదిన కళ్ళు మూసుకుని, ఒక్క వేలితో మీటని కింద నుంచి పైకి జరిపింది. పాట ఎక్కడా ఎగరలేదు, ఎక్కడా ఆగలేదు, పాలు పొంగినట్టు పైకొచ్చింది. ఆవిడ అదే పని మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది.

"ఇంక చాల్లే వదినా, నిద్దరొస్తోంది దానికి," అని మరదలు రెండోదాని దగ్గరికి జరిగింది.

అది చిన్నది. అడ్డమీట గాలికి కదిలేంత తేలిక. మరదలు వంగి చెవి దగ్గరగా పెట్టి బొటనవేలితో మీటని అంచు నుంచి కొంచెం కొంచెం జరుపుతూ ఎక్కడ పాట తెరుచుకుంటుందో చూసింది. గోరు మందం జరిగిందో లేదో, పాట నిండుగా వచ్చేసింది. మళ్ళీ గోరు మందం వెనక్కి, పూర్తిగా మాయం. "అబ్బ!" అంది, ఎవరో మెళ్ళో నగ పెట్టినట్టు. ఆ తరవాత వేళ్ళు ఊరుకోలేదు. కొట్లో వేరే బేరానికొచ్చినవాళ్ళు తల తిప్పి చూశారు.

పెద్దదాని అడ్డమీట బరువు, మెల్లగా తెరుచుకుంటుంది. చిన్నదాని నిలువు మీటలు బొటనవేలంత, ముట్టుకుంటే ఎగురుతాయి. ఒకటి వదినది, ఒకటి మరదలిది. కొట్టాయన చెప్పక్కర్లేకుండానే ఇద్దరికీ అర్థమైంది.

"రెండూ తీసుకెళ్ళి చూడండి," అన్నాడాయన. "అట్టపెట్టె చింపకండి. లోపలి థర్మోకోలు విరక్కొట్టకండి. అంతే నేనడిగేది."

బుధవారం పెద్దది బిగించారు. వదిన జన్మలో అంత బాగా కలపలేదు. ఒక పాటలోంచి డప్పు మాత్రం తీసేసి ఆ ఖాళీలో రెండో పాట డప్పుని కూర్చోపెట్టింది. రింకులో ఒక్క మోకాలు తొణకలేదు. మోచేతి దాకా ఒళ్ళు పులకరించింది. అప్పుడు మూల దగ్గర జనం ఇరుక్కున్నారు. మరదలు గీకింది. మూడు గీతలూ ఒకదాన్నొకటి అంటుకుపోయి, తడి గుడ్డ ఈడ్చినట్టు ఒకటే సాగింది. ఎవరూ తిరగలేదు. మళ్ళీ గీకింది. నలుగురు తిరిగి, తిరగనివాళ్ళకి గుద్దుకున్నారు.

"బురదలో గీకినట్టుంది," అంది మరదలు మెల్లగా. మణికట్టు రెండో చేత్తో రుద్దుకుంది.

"అలవాటైతే అదే కుదురుతుందిలే."

కుదరదని వదినకి తెలుసు. అది మీట తయారైన తీరు. అలవాటుతో మారేది కాదు. అబద్ధం అంత నున్నగా నోట్లోంచి జారేసరికి, తనేనా అన్నది అన్నట్టు కాసేపు అద్దంలో తన మొహం చూసుకుంది.

గురువారం చిన్నది పెట్టారు. ఆ రోజు మరదలు పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయింది. మూడు పొట్టి, ఒక పొడుగు. సూదితో గుచ్చినట్టు ఒక్కో గీతా విడివిడిగా. రింకంతా ఒక్క మనిషిలా తిరిగింది. మరదలు వదిన వైపు చూసి కన్ను కొట్టింది. కానీ పాట మార్చబోయినప్పుడు వదిన వేలు ఆ పొట్టి మీటని ముట్టుకుందో లేదో, కొత్త పాట ఒక్కసారి నెత్తి మీద పడ్డట్టు వచ్చింది. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకొచ్చే ఒకావిడ ఉంది. వారానికి మూడు రోజులొచ్చి, యాభై దాటాక స్కేటింగు నేర్చుకుంటున్న మనిషి. ఆవిడ ఉలిక్కిపడి మోచేతి మీద పడింది.

వదిన గదిలోంచి పరిగెత్తుకెళ్ళి లేవదీసింది. "నాదే తప్పమ్మా. చెయ్యి జారింది."

"మీ చెయ్యి జారడమేమిటండీ?" అంది ఆవిడ మోచెయ్యి దులుపుకుంటూ. "మీ చేతిని నమ్ముకునేగా నేనీ చక్రాలెక్కింది!"

సాయంత్రం ఇంటికి నడిచొస్తూ మరదలు చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆవిడకి చేతకాని పని కాబట్టి వదినకి భయమేసింది. ఎవరన్నా చెప్పేశారేమో అనుకుంది.

"వదినా, పెద్దదే తీసుకుందాం."

"ఎందుకు?"

"నా గీకుడు తగ్గితే ఏమవుతుంది, నలుగురు తిరగరు. నీ కలపడం తప్పితే జనం పడిపోతున్నారు. నేను సర్దుకుంటాలే. అడపాదడపా ఓ గీత గీసుకుంటూ నీ పక్కనే నించుంటా."

నీ పక్కనే నించుంటా, అన్న మాట దగ్గర వదిన ఆగిపోయింది. చెప్పు తెగిందన్నట్టు వంగి కాలు చూసుకుంది. ఏం తెగలేదు. పెద్దది అని తను ఒక్కమాటంటే ఈ మనిషి సంతోషంగా ఒప్పుకుని, తన చేతుల్తో తనే రింకు గేటు బయటికి నడిచిపోతుంది. పైగా దారంతా తననే నవ్విస్తూ.

ఆ రాత్రి చెప్పలేదు. చెప్పేస్తే మరదలు చిన్నది తీసుకుందామనే అవకాశమే ఉండదు, తనే పోతానంటుంది. చెప్పకపోతే మోసం. ఇద్దరూ ఉండే దారి ఒకటి వెతికి, అప్పుడు చెబితే అది మోసం కింద రాదేమో అని వదిన తనకు తాను సర్దిచెప్పుకుంది.

శుక్రవారం పొద్దున్నే ఒక్కతే కొట్టుకి వెళ్ళింది.

"కలపడానికీ గీకడానికీ, రెంటికీ పనికొచ్చేది లేదా?"

"ఎందుకు లేదు?" అని కొట్టాయన లోపలి అర నుంచి ఒక పెట్టె దించాడు. నిలువు మీటలు పొడుగు. అడ్డమీట తేలిక. ముందు వైపు కింద ఒక చిన్న నాబు. దాన్ని ఇటు తిప్పితే అడ్డమీట గోరు మందంలో తెరుచుకుంటుంది, అటు తిప్పితే మెల్లగా తెరుచుకుంటుంది.

"ఇది మొన్న ఎందుకు చూపించలేదయ్యా?"

"మీరేమో ఇదన్నారు, ఆవిడేమో అదంది. రెండూ కావాలని ఎవరన్నారు?"

వదినకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెట్టె చంకన పెట్టుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఆలోచించింది. ఎవరి మిక్సరు తెస్తే వాళ్ళుండాలన్నాడు మేనేజరు. ఇది ఇద్దరిదీ. కానీ అదొక్కటే చాలదు. ఒక్కరే రెండూ చేసుకోవచ్చుగా అంటాడు. ఒక్కరికి చేతకాదని ఆయన కళ్ళకి కనపడాలి. నాలుగు చేతులూ ఒక్క పెట్టె మీద ఉండాలి, ఒక్క క్షణం ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు.

"రేపు మేనేజరు వచ్చి వింటాడు," అంది మరదలితో. "మనం ఎప్పట్లా నీ వంతూ నా వంతూ అని చెయ్యొద్దు. నేను కలుపుతుంటే నువ్వు గీకు. కలిసే చోటే గీకు."

"కలిసే చోటా? జనం పడిపోరూ?"

"నేను పట్టుకుంటాగా. నిలువు మీటలు నావి, అడ్డమీట నీది."

"ఇంత హడావిడెందుకు వదినా?"

"ఖరీదైన సరుకు. కొనిపించాలంటే ఆ మాత్రం చూపించాలి."

మరదలు నమ్మింది. ఆ మాటకొస్తే వదిన చెప్పింది ఆవిడ నమ్మకపోవడం అంటూ ఎప్పుడూ లేదు.

శనివారం రింకు నిండా జనం. మేనేజరు చెప్పినట్టే వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె ఒకటి, దానికో తీగ.

"ఓనరుగారికి రావడానికి కుదరదట. వినిపిస్తే కొందామన్నారు. దీని వెనక రికార్డింగుకి దారేదో ఉంటుందటగా?"

ఉంది. వదినే వంగి, మిక్సరు వెనక వెతికి, తీగ తనే గుచ్చింది. చప్పుడు మరీ ఎక్కువైతే రికార్డింగు పగిలినట్టొస్తుందని నాబు తగ్గించి, రెండుసార్లు సరిచూసి మరీ పెట్టింది. ఓనరు వింటానన్నాడంటే మంచి శకునమే అనిపించింది.

తరవాత గంటసేపు ఆ గదిలో జరిగింది మాటల్లో పెట్టడం కష్టం. వదిన ఎడం చెయ్యి ఒక పాటని దించుతోంది, కుడి చెయ్యి ఒక పాటని ఎత్తుతోంది. ఆ రెంటి మధ్య సందులోంచి మరదలి చెయ్యి దూరి అడ్డమీట కొడుతోంది, ఇంకో చెయ్యి వదిన మోచేతి మీదుగా చాచి రికార్డు లాగుతోంది. ఇద్దరి గాజులూ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఒకసారి మరదలి చెయ్యి వదిన ముక్కుకి తగిలింది. "ముక్కు కూడా కలిపెయ్యి" అంది వదిన. మరదలికి నవ్వాగలేదు, అయినా గీత తప్పలేదు. ఆకుపచ్చ స్వెట్టరావిడ స్కేటు పట్టీ ఊడి మూల దగ్గర కూర్చుండిపోతే, వదిన ఆవిడ పట్టీ కట్టుకునేదాకా పాటని అదే చోట తిప్పి తిప్పి పట్టుకుంది. ఆవిడ లేచి నిలబడగానే వదిలింది. మూల ఖాళీ చేయించడానికి మరదలు మూడు పొట్టీ ఒక పొడుగూ గీకింది. రింకు తిరిగింది.

మేనేజరు కాలు నేల మీద తాళం వేస్తూనే ఉంది. చివర్లో తీగ ఊడదీసుకుని, "పదకొండేళ్ళుగా వింటున్నాను. ఇంత బాగుంటుందని నాకు తెలీదమ్మా," అన్నాడు. కళ్ళజోడు తుడుచుకోలేదు. ఆ ఒక్కటీ చూసి వదిన గుండె కుదుటపడింది. సోమవారం ఓనరు సరేనన్నాడని తెలిశాక, ఇంటికెళ్ళే దారిలో మరదలికి అంతా చెప్పేద్దాం, ఇద్దరం నవ్వుకుందాం అనుకుంది.

సోమవారం ఒంటిగంటకి గేటు దగ్గరికొచ్చేసరికి లోపల అప్పటికే పాట మోగుతోంది.

"మన గదిలో ఎవరో ఉన్నారు వదినా," అంది మరదలు.

వదిన గేటు ఊచ పట్టుకుని విన్నది. ఒక పాట దిగుతోంది, ఇంకోటి ఎక్కుతోంది. అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. ఎవరిదో గానీ పనితనం. తను లేని గదిలో ఇంకొకరు ఇంత బాగా చేస్తున్నారని అసూయ పుట్టింది. అయినా ఉన్నమాట అనకుండా ఉండలేకపోయింది.

"ఎవరోగానీ చెయ్యి తిరిగిన మనిషే."

అప్పుడు గీకుడు వచ్చింది. మూడు పొట్టి, ఒక పొడుగు.

మరదలు తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. "అది నేను," అంది.

అద్దాల గదిలో ఎవరూ లేరు. రికార్డు ప్లేయర్ల మీద గుడ్డ కప్పి ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె మాత్రం బల్ల మీద ఉంది, దాని తీగ నేరుగా గోడలోకి పోయింది. మిక్సరు విప్పి అట్టపెట్టెలో పెట్టేశారు.

మేనేజరు వాళ్ళని చూడగానే కళ్ళజోడు తీశాడు.

"ఓనరుగారికి ఎంత నచ్చిందో చెప్పలేనమ్మా. మూడుసార్లు విన్నారట. రోజూ ఇదే వేసుకుంటే సరిపోతుంది, మిక్సరెందుకు అన్నారు."

"మరి మేము?" అంది మరదలు.

"అదే... నేను వదినగారికి మొదటిరోజే చెప్పాను కదా, వచ్చే నెల నుంచి ఒక్కరే అని. ఎవరన్నది ఆవిడనే తేల్చమన్నాను. ఇప్పుడు ఆ ఒక్కరూ అక్కర్లేదంటున్నారు. నా చేతుల్లో ఏముంది చెప్పండి?" తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడిచాడు. "ఆ మూడు మిక్సర్లూ కొట్లో ఇచ్చేసి రండి. మిమ్మల్నైతే ఆయన ఏమీ అనడు."

మరదలు వదిన వైపు తిరిగింది. చూసిందంతే. వదిన ఆ చూపుని ఎదుర్కోలేక అద్దంలోంచి రింకు వైపు తల తిప్పింది. పాట ఒకచోట ఆగినట్టయి, అక్కడే తిరిగి తిరిగి నిలబడింది, ఎవరో పట్టీ కట్టుకుంటున్నట్టు. రింకులో ఎవరూ కూర్చుని లేరు. తరవాత గీకుడు వచ్చింది. మూలలో ఎవరూ ఇరుక్కోలేదు. అయినా అందరూ తిరిగారు.

పెద్ద పెట్టె వదిన ఎత్తుకుంది. చిన్నవి రెండూ మరదలు చెరో చంకనా పెట్టుకుంది. మొదటి వీధి చివర మరదలు అడిగింది.

"మొదటిరోజే తెలుసా?"

"తెలుసు."

"నేను పెద్దది తీసుకుందామన్న రోజు కూడా తెలుసన్నమాట."

"తెలుసు."

మరదలు పెట్టెలు సర్దుకుంది. "మొదటిరోజు ఏది తీసుకుందామనుకున్నావు? నిజం చెప్పు వదినా."

వదినకి అబద్ధం చెప్పే ఓపిక కూడా మిగల్లేదు. "నాదే."

ఎవరో సైకిలు మీద గంట కొట్టుకుంటూ పోయారు. ఇద్దరూ పక్కకి జరిగారు, ఒకే పక్కకి.

"నాకు చెప్పి ఉంటే," అంది మరదలు, "నేనూ నాదే అనేదాన్నేమో. ఏమో. అది నాకే తెలీకుండా చేశావు." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని వదిన అనుకుంది. రెండో వీధంతా మరదలు నాలుగడుగులు ముందే నడిచింది. వదిన అందుకోబోతే పెట్టె బరువు నడవనివ్వలేదు.

కొట్టాయన మూడు పెట్టెలూ విప్పి థర్మోకోలు విరిగిందేమో చూసుకున్నాడు. విరగలేదు. మూడోదాన్ని మాత్రం చేత్తో తడిమి, "ఇది కూడానా? ఇది మీకోసమే తయారుచేసినట్టుందే," అన్నాడు.

"బావుందయ్యా," అంది వదిన. "ఎవరన్నా అడిగితే ఇదే ఇవ్వు. నిలువు మీట సగం దగ్గర వెంట్రుకంత పట్టేస్తుంది, కాస్త నూనె చుక్క వెయ్యి."

"వేస్తాను." ఆయన కాగితం తీశాడు. తిరిగొచ్చిన ప్రతి సరుక్కీ కారణం రాయాలి, కంపెనీవాళ్ళడుగుతారు. "లోపముందని రాయనా?"

"లోపమేం లేదు."

"మరి నచ్చలేదని రాసేదా?"

వదిన గాజు బల్ల మీద చేతులు ఆనించింది.

"చేతులు లేవని రాయండి," అంది మరదలు.

కొట్టాయన తలెత్తి, గాజు బల్ల మీద ఆనించి ఉన్న నాలుగు చేతులూ చూసి, ఆవిడ ఎప్పటిలా హాస్యమాడుతోందనుకుని గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే 'నచ్చలేదు' అని రాశాడు. రాసింది పైకి చదివి వినిపించి, కాగితం వాళ్ళ వైపు తిప్పి, కింద ఇద్దరి చేతా సంతకం పెట్టించుకున్నాడు.